టికెట్ లేని ప్రయాణికుడు

మా అమ్మాయి నన్నూ వాళ్ళమ్మనూ మాల్ దగ్గర దింపేసి ఆఫీసుకు వెళ్ళిపోయిన మొదటి రోజు నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది. పిల్లల్ని బాలవాడిలో వదిలినట్టు. "నాన్నా, లోపల వెచ్చగా ఉంటుంది, నాలుగు చుట్లు నడువు, పన్నెండింటికి వస్తా" అని కారు తిప్పేసింది. బయట మైనస్ పద్దెనిమిది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయని మా ఆవిడ మూడుసార్లు చెప్పింది. తలుపు తోసుకుని లోపలికి పోయాం.

ఆ మాల్ పేరు సౌత్‌డేల్. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, మినియాపోలిస్ నగరాన్ని ఆనుకుని ఈడైనా అనే ఊళ్ళో ఉంది. అక్కడ మేమున్నది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అంటే ఆ ఊరి చలికాలం మొత్తం. ఆదివారాలు, పండగలు తీసేస్తే దాదాపు రోజూ వెళ్ళాను. వచ్చాక ఇక్కడ మిత్రులు "నయాగరా చూశావా, న్యూయార్క్ చూశావా" అని అడుగుతున్నారు. చూశాను. కానీ మాట్లాడమంటే నా నోట సౌత్‌డేల్ కబుర్లే వస్తున్నాయి. నయాగరా దగ్గర గంటన్నర ఉన్నాను, సౌత్‌డేల్‌లో ఐదు నెలలు.

నేను ఆర్టీసీలో 33 ఏళ్ళు చేశాను. గుడివాడ డిపోలో కండక్టరుగా చేరి, చివరి పన్నెండేళ్ళు విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో కంట్రోలర్‌గా చేసి దిగిపోయాను. ఆ ఉద్యోగం వల్ల ఒక రోగం పట్టుకుంది. ఎంత పెద్ద కట్టడంలోకి వెళ్ళినా పైకప్పు, అద్దాలు, దీపాలు నాకు కనపడవు. కూర్చోడానికి ఎక్కడుంది, మరుగుదొడ్డి ఎటు, పెద్దవాళ్ళు తడుముకోకుండా నడవగలరా అన్నవే కనపడతాయి. మన దగ్గర కొత్తగా కట్టిన మాల్స్ రెండు మూడు చూశాను. కూర్చోవాలంటే ఫుడ్ కోర్టుకే పోవాలి. అక్కడ కూర్చుంటే ఏదో ఒకటి కొనక తప్పదు. కొన్నది అయిపోగానే బల్ల తుడిచే కుర్రాడు వచ్చి మన చేతుల కింద తుడుస్తాడు.

సౌత్‌డేల్ నడిమధ్యన పెద్ద హాలుంది. రెండంతస్తుల ఎత్తు, పైనుంచి పగటి వెలుతురు పడుతుంది. కూర్చోడానికి సీట్లు. అక్కడ అమ్మేది ఏమీ లేదన్న సంగతి మొదటి వారం నాకు తట్టనే లేదు. తట్టాక మాత్రం ఆశ్చర్యపోయాను. బజారు గుండెకాయలాంటి చోటు, గజం ఎంత పలుకుతుందో! దాన్ని ఊరికే వదిలేశారు. బంగారు రంగు రేకులతో చేసిన రెండు లోహపు చెట్లు నిలువునా ఉంటాయి. హ్యారీ బెర్టోయా అనే శిల్పి చేశాడట. మా ఆవిడకు అవి నచ్చలేదు, దులపడం ఎంత కష్టమో అంది. నాకు నచ్చాయి. నా చుట్ల లెక్కకి అవే మైలురాళ్ళు.

షాపులు తెరవకముందే తలుపులు తీసేస్తారు, నడిచేవాళ్ళ కోసం. పొద్దున్న పూట అక్కడ కనపడేది అంతా డెబ్భై దాటిన జనం. తెల్లటి బూట్లు, చేతిలో మూత ఉన్న కాఫీ కప్పు. ఒకాయన ఆక్సిజన్ సిలిండర్ చిన్న బండి మీద పెట్టుకుని లాక్కుంటూ నడిచేవాడు. షట్టర్లు వేసి ఉన్న షాపుల ముందు నడక ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. బొమ్మలకు కట్టిన బట్టలు కనపడతాయి కానీ ఎవరూ "రండి సార్" అనరు. కింద గచ్చు నున్నగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. చప్పుడల్లా బూట్లదే.

మన వాళ్ళూ ఉన్నారు. తెలుగువాళ్ళే ఏడెనిమిది జతలు, అందరూ మాలాగే పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చినవాళ్ళు. స్వెటర్ మీద స్వెటర్, దాని కింద చీర, కాళ్ళకు బూట్లు. దూరం నుంచే తెలిసిపోతుంది. కరీంనగర్ నుంచి రిటైరైన హెడ్‌మాస్టర్ ఒకాయన నాకు బాగా స్నేహం అయ్యాడు. ఎదురుపడితే చాలు, "ఏం సార్, ఎన్ని చక్కర్లైనయ్?" అనేవాడు. నేను నాలుగంటే ఆయన ఐదు అనేవాడు. ఆరని అబద్ధమాడి చూశాను ఒకరోజు. "నాయి ఏడు" అన్నాడు. ఆ తర్వాత లెక్క మానేశాం. ఆడవాళ్ళు నడిచేది తక్కువ. మధ్య హాల్లో కూర్చుని ఎవరి కోడలు ఏం వండుతుందో మాట్లాడుకునేవాళ్ళు.

ఈ మాల్ గురించి నాకు మొదట చెప్పింది ఒక తెల్లావిడ. నాకంటే పెద్దది, రోజూ ఎర్ర టోపీతో వచ్చేది. నా ఇంగ్లిషు అంతంతమాత్రం, ఆవిడకు వినికిడి అంతంతమాత్రం. కాబట్టి ఇద్దరం గట్టిగా, నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్ళం, బాగా కుదిరింది. తనకు ఎనిమిదేళ్ళప్పుడు, ఈ మాల్ తెరిచిన వారంలో వాళ్ళ నాన్నతో వచ్చిందట. 1956 అక్టోబరు 8న తెరిచారు. అప్పుడు ఈ హాల్లో మనిషికి మూడు నాలుగింతల ఎత్తున పక్షుల పంజరం ఉండేదని, చేపల కొలను ఉండేదని చేతులతో చూపించింది. బయట చెట్ల ఆకులన్నీ రాలిపోయిన కాలంలో లోపల పచ్చటి మొక్కలు చూసి, వాళ్ళ నాన్న టోపీ తీసేశాడట, గుళ్ళోకి వచ్చినట్టు. పంజరం ఎక్కడుండేదో చూపించమన్నాను. నాలుగడుగులు నడిచి ఆగి, అటూ ఇటూ చూసి, ఎక్కడో సరిగ్గా తెలియడం లేదని నవ్వేసింది.

ఆ సాయంత్రం అల్లుడుగారితో ఈ మాట చెబితే ఆయన లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చిచ్చారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెలంతా చదివాను. అందులో తెలిసిన సంగతి ఏమిటంటే, చుట్టూ గోడలు, పైన కప్పు, లోపల ఏడాది పొడుగునా ఒకే వాతావరణం ఉండే మాల్ అమెరికాలో మొట్టమొదటిది ఇదే. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఏ మాల్ కట్టినా అది దీని మనవడో మునిమనవడో. మిన్నెసోటాలో బజారుకు హాయిగా వెళ్ళదగ్గ వాతావరణం ఉండే రోజులు ఏడాదికి 126 మాత్రమేనని లెక్కగట్టి, మిగతా రోజులకు కూడా గిరాకీ ఉండాలంటే బజారునే లోపల పెట్టెయ్యాలనుకున్నారు. డేటన్ అనే అక్కడి వ్యాపార కుటుంబం కట్టించింది. తర్వాత 1962లో టార్గెట్ షాపులు మొదలుపెట్టిందీ ఆ కంపెనీయే. లోపల ఎప్పుడూ 75 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 24. నిత్య వసంతం అని ప్రచారం చేసుకున్నారు.

ఈ మాల్ ప్లాను గీసినవాడి కథే నాకు బాగా పట్టుకుంది. విక్టర్ గ్రూయెన్. వియన్నాలో పుట్టిన యూదు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక పారిపోయి అమెరికా చేరాడు. దిగేనాటికి చేతిలో ఉన్నది ఎనిమిది డాలర్లని చెబుతారు. అమెరికా శివార్లు చూస్తే ఆయనకు దిగులేసింది. ఇళ్ళున్నాయి, కార్లున్నాయి, నలుగురు కలిసి కూర్చునే చోటు లేదు. వియన్నాలో కాఫీ హోటళ్ళు, వీధి కూడళ్ళు చూసినవాడు కదా. అందుకని ఆయన గీసింది ఒట్టి బజారు కాదు. 463 ఎకరాల్లో ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, బడి, ఆసుపత్రి, పార్కు, ఒక చెరువు, వీటన్నిటి మధ్య బజారు. ఊరు ఊరంతా గీశాడు. కట్టింది మాత్రం బజారూ దాని చుట్టూ కార్లు నిలిపే మైదానమూ. మనకు తెలియని కథా ఇది? బస్ స్టేషన్ ప్లానులో ఎప్పుడూ తోట ఉంటుంది. కట్టేటప్పటికి తోట పోతుంది, షాపులు మిగులుతాయి.

కానీ మధ్య హాలు మాత్రం పోలేదు. గ్రూయెన్ మనసులో ఉన్న ఊళ్ళో మిగిలిన ముక్క అదేనని నాకు అనిపిస్తుంది. కూర్చుని కూర్చుని నాకు తెలిసింది కాబట్టి చెబుతున్నాను. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుమోసిన ఆర్కిటెక్టుకు కూడా ఈ హాలు నచ్చలేదట. ఆయన పొద్దున్న ఎనిమిదింటికి మైనస్ పద్దెనిమిదిలోంచి వచ్చి ఉండడు.

గ్రూయెన్ పేరు ఇంకో రకంగా మిగిలింది. ఒక వస్తువు కోసం వచ్చిన మనిషి మాల్లోకి అడుగుపెట్టగానే అది మర్చిపోయి, కళ్ళు చెదిరి, కాళ్ళు నెమ్మదించి, చేతికందినవన్నీ కొంటాడే, దానికి గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ అని పేరు పెట్టారు. ఆయన కోరుకున్నది అది కాదు. ముసలితనంలో ఈ మాల్స్ తన బిడ్డలు కావని, వాటికి భరణం కట్టేది లేదని అన్నాడు. 1968లో వియన్నా తిరిగి వెళ్ళిపోతే కొన్నాళ్ళకు అక్కడ కూడా ఊరి బయట ఒక మాల్ లేచింది. 1980లో పోయాడు. ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఊలు మేజోళ్ళ కోసం వెళ్ళి రెండు కుండీ తొట్లు, మనవడికి వానకోటు కొనుక్కొచ్చి, బట్టల మీద ఈ రాష్ట్రంలో అమ్మకం పన్ను లేదని నాకే తిరిగి చెప్పింది. పన్ను లేనిమాట నిజమే. మేజోళ్ళు మాత్రం రాలేదు.

నా బండారం కూడా చెప్పాలి. డిసెంబరులో ఒకరోజు చలికోటు మా ఆవిడకిచ్చి, అమ్మాయి కారు వచ్చిందేమో చూసొస్తానని ఒక పెద్ద షాపులోంచి బయటికి వచ్చాను. మేం దిగిన తలుపులాంటిదే తలుపు. మంచు, కార్లు, దీపస్తంభాలు. కారు లేదు. తలుపు వెనక మూసుకుంది. నా ఒంటి మీద ఒక్క స్వెటర్. అమ్మాయికి ఫోన్ చేస్తే "నేను తలుపు ముందే ఉన్నాను, నువ్వు ఎక్కడున్నావు?" అంటుంది. నేనూ తలుపు ముందే ఉన్నానంటాను. పది నిమిషాలు ఇద్దరం అరుచుకున్నాక తేలింది, నేను పై అంతస్తు తలుపులోంచి వచ్చాను. పై అంతస్తుకీ కింది అంతస్తుకీ దేనికదే నేల మీంచి వెళ్ళేలా, పార్కింగ్‌ను కూడా రెండు మెట్లుగా కట్టించాడు గ్రూయెన్. జనం మేడ ఎక్కడానికి బద్ధకిస్తారని, రెండంతస్తుల షాపులకీ సమానంగా గిరాకీ ఉండాలని. గొప్ప తెలివే. ఆ పది నిమిషాల్లో మాత్రం ఆయన్ని తిట్టుకున్నాను. పన్నెండేళ్ళు జనానికి ప్లాట్‌ఫారం నంబర్లు చెప్పి పంపినవాణ్ణి, నేను నిలబడింది ఏ ప్లాట్‌ఫారమో నాకు తెలియలేదు. కరీంనగర్ సార్‌కి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. మా ఆవిడ చెప్పేసింది.

ఇదంతా హాయిగా చెబుతున్నాను గానీ, అందులో ఒక ముల్లుంది. నాకు అంత ప్రశాంతంగా ఉండటానికి కారణం అక్కడ మునుపటంత జనం లేకపోవడం. పదకొండు దాటి షాపులన్నీ తెరిచాక కూడా కొన్ని షట్టర్లు లేవవు. వాటి మీద అందమైన బొమ్మలు అతికించి ఉంటాయి, త్వరలో రాబోతున్నాం అని. ఆ త్వరలో నేనున్న ఐదు నెలల్లో రాలేదు. ఆర్టీసీలో మేం ఓఆర్ అంటాం, బస్సులో ఎన్ని సీట్లు నిండాయన్న లెక్క. ఓఆర్ నలభై శాతం ఉన్న బస్సు ఎక్కితే ప్రయాణికుడికి స్వర్గం. కిటికీ పక్కన సీటు, కాళ్ళు చాపుకోవచ్చు, పక్కవాడి మూట ఒళ్ళోకి రాదు. డిపో మేనేజరుకి ఆ రాత్రి నిద్రుండదు. నేను కండక్టరుగా ఉన్నప్పుడు అలాంటి బస్సు గుడివాడ రూట్లో ఒకటుండేది. ఎక్కినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు, చివరికి ఎత్తేశారు. ఈ మాల్లో నేను కాళ్ళు చాపుకు కూర్చున్నప్పుడల్లా ఆ బస్సు గుర్తొచ్చేది.

అయితే సౌత్‌డేల్ ఇంకా ఊపిరి వదల్లేదు. మూతపడ్డ ఒక పెద్ద షాపును పడగొట్టి ఆ జాగాలో 2019లో భారీ జిమ్ము తెచ్చారు. పార్కింగ్ అంచున అపార్ట్‌మెంట్లు లేచాయి. రోడ్డవతల 1965 నుంచి ఆసుపత్రి ఉంది. గ్రూయెన్ గీసిన ఊరు ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా తయారవుతోంది. మాల్ ఆవరణలోనే సిటీ బస్సులు ఆగే చోటు కూడా ఉంది. అక్కడికి నేను రోజూ వెళ్ళి ఒక పది నిమిషాలు టైమింగులు చూసుకునేవాణ్ణి. మంచు కురిసిన రోజు కూడా పెద్దగా లేటు లేదు. ఒప్పుకోవడానికి కొంచెం బాధేసింది.

ఒక ఆదివారం అల్లుడుగారు మాల్ ఆఫ్ అమెరికా చూపించారు. పది మైళ్ళు కూడా లేదు, 1992లో తెరిచింది. దాని ముందు సౌత్‌డేల్ మన పల్లెవెలుగు బస్సు. లోపల రంగులరాట్నాలు, రైళ్ళు, అరుపులు. చలికాలంలో కూడా సెంట్రల్ హీటింగ్ లేదట. పైనుంచి పడే ఎండ, దీపాలు, జనం ఒంటివేడితోనే వెచ్చగా ఉంటుందట. నేను నమ్మాను. మే నెలలో సీట్లకు రెట్టింపు మంది ఎక్కిన బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. అక్కడ నాకు నచ్చినది ఒక్కటే. మాల్ రాకముందు ఆ చోట బేస్‌బాల్ స్టేడియం ఉండేది. 1967 జూన్ 3న హార్మన్ కిల్లెబ్రూ అనే ఆటగాడు కొట్టిన బంతి 520 అడుగుల దూరం పోయింది. అది తగిలిన సీటు ఉండాల్సిన చోట, గోడ మీద అంత ఎత్తున, ఇప్పటికీ ఒక ఎర్ర కుర్చీ బిగించి ఉంచారు. ఎవరూ కూర్చోలేని కుర్చీ. దాన్ని చూస్తూ నిలబడ్డాను. మనవడు "తాతా, రైడ్ ఎక్కుదాం రా" అని చొక్కా లాగుతున్నాడు. మర్నాడు సౌత్‌డేల్ వెళ్ళగానే ఇంటికొచ్చినట్టనిపించింది.

అక్కడ సెక్యూరిటీ ఆయన ఒకడు, ఆరడుగుల పైన, నల్లాయన. మొదటి నెలలో ఆయన మా వైపు వస్తుంటే నేను లేచి నిలబడేవాణ్ణి. రెండు గంటలుగా కూర్చున్నాం, ఏమీ కొనలేదు, ఏమంటాడో అని. దగ్గరికొచ్చి "గుడ్ మార్నింగ్" అని వెళ్ళిపోయేవాడు. అన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఇంకో మాట అనలేదు. ఎందుకు నిలబడేవాణ్ణో నాకు తెలుసు. విజయవాడ బస్ స్టేషన్లో, ఏలూరు బస్సులు ఆగే చోట ఫ్యాను కింద సిమెంటు బల్ల మీద ఒక పెద్దాయన రోజూ వచ్చి కూర్చునేవాడు. తెల్ల పంచె, చేతిలో మడతపెట్టిన పేపరు. ఎండ ముదిరాక వచ్చేవాడు, మూడింటి దాకా ఉండేవాడు. "ఎక్కడికెళ్ళాలండీ?" అని అడిగితే "ఏలూరు బాబూ" అనేవాడు. ఏలూరు బస్సు వచ్చేది, వెళ్ళేది, ఇంకోటి వచ్చేది. ఆయన పేపరు తిరగేసేవాడు. ఒకరోజు నాకు డ్యూటీలో ఏదో చికాకు. పండగ రద్దీ కూడా. "ఇది బస్టాండండీ, రచ్చబండ కాదు" అన్నాను, నలుగురూ వినేలా. పేపరు నాలుగు మడతలు పెట్టి లేచాడు. మళ్ళీ ఆ బల్ల మీద చూడలేదు.

ఏప్రిల్లో వచ్చేశాం. మే మొదటివారంలోనే మా ఇంట్లో కరెంటు, ఏసీ రెండూ ఒకదాని మీద ఒకటి పందెం వేసుకుని ఆగిపోతుంటే, నడక కోసం దగ్గర్లోని కొత్త మాల్‌కి వెళ్ళాను. సంచి చూశారు, జేబులు తడిమారు. రెండు చుట్లు అయ్యేసరికి మోకాళ్ళు లాగాయి. కూర్చుందామంటే మెట్లు తప్ప ఏమీ లేవు. మెట్ల మీద కూర్చుంటే కుర్రాడొచ్చి "సార్, ఇక్కడ కూర్చోకూడదు" అన్నాడు. పాపం, వాడి డ్యూటీ వాడిది. ఆటో ఎక్కి బస్ స్టేషన్‌కి పొమ్మన్నాను. ఎందుకో నాకే తెలియదు.

బల్ల అదే, ఫ్యాను కొత్తది. టీ తాగి, పేపరు కొనుక్కుని కూర్చున్నాను. గాలి బాగానే వస్తోంది. అరగంట అయిందో లేదో కొత్త కంట్రోలర్ కుర్రాడు వచ్చాడు. నన్ను గుర్తుపట్టే వయసు కాదు.

"ఎక్కడికెళ్ళాలండీ?"

"ఏలూరు" అన్నాను.

"అదుగోనండీ, కదలబోతోంది. రండి రండి, ఖాళీగానే ఉంది" అని చెయ్యిపట్టుకుని నడిపించాడు. డ్రైవర్‌కి ఆగమని చెయ్యూపాడు. మంచి కుర్రాడు. ఎక్కక తప్పలేదు. కిటికీ పక్కన సీటే దొరికింది. గన్నవరానికి టికెట్ కొట్టమన్నాను. నిడమానూరు దాటాక మా ఆవిడ ఫోన్ చేసి, నడక ఇంకా అవలేదా, ఎక్కడున్నారు అంది.